లండన్ మహానగరం – నాటి యాత్రికులు, నేటి విద్యార్థులు

దేశాటనం విజ్ఞానానికి సోపానమని పెద్దల మాట. అయితే చూడడం వేరు, గ్రహించడం వేరు. ఉన్నత విద్యకై లండన్ వెళ్లగోరే విద్యార్థులు మన మధ్య పలువురున్నారు. వారికి ఉపకరిస్తుందన్న తలంపుతో, ఆ నగరాన్ని పూర్వం దర్శించిన మనవారి అనుభవాలను, నేటి యాత్రికుడు పాటింపదగిన నియమాలను ఈ వ్యాసంలో క్లుప్తంగా వివరింపదలచాము.

లక్నో వాస్తవ్యుడైన మీర్జా అబూ తాలిబ్ ఖాన్ 1799లో కలకత్తాలో ఓడ ఎక్కి, 1800లో లండన్ చేరాడు. ఆయన తన యాత్రావిశేషాలను పారశీక భాషలో గ్రంథస్థం చేశాడు. ఆంగ్లేయుల సుగుణాలను మెచ్చుకుంటూనే వారి గర్వాన్ని, ధనాశను నిస్సంకోచంగా ఎత్తిచూపాడు. మన హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1837లో లండన్ చేరాడు. 1847లో అచ్చయిన ఆయన ఉర్దూ గ్రంథాన్ని ఆ భాషలో తొలి యాత్రాచరిత్రగా పలువురు పరిగణిస్తారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో వెళ్లి, అక్కడి విద్యావిధానాన్ని శ్రద్ధగా పరిశీలించి, 1870లో తిరిగివచ్చాడు. 1875లో అలీగఢ్‌లో విద్యాలయాన్ని స్థాపించాడు. మొదటివాడు చూచి తూచాడు. రెండవవాడు చూచి అబ్బురపడ్డాడు. మూడవవాడు చూచి నిర్మించాడు. ఈ మూడు గుణాలూ విద్యార్థికి అవసరమే.

థేమ్స్ నది ఒడ్డున రోమనులు నెలకొల్పిన ఈ నగరం 1666లో ఘోర అగ్నిప్రమాదానికి గురైంది. నగరంలో అధికభాగం భస్మమైంది. నేడు మనకు కనిపించే సెయింట్ పాల్ ప్రార్థనామందిరం ఆ తరువాత క్రిస్టఫర్ రెన్ రూపకల్పన చేసినదే. ప్రపంచంలో తొలి భూగర్భ రైలుమార్గం 1863లో ఇక్కడనే ప్రారంభమైంది. భూగోళ పాఠాలలో మనం చదివే సున్నా డిగ్రీల రేఖాంశం గ్రీనిచ్ మీదుగా పోతుంది. పాఠ్యపుస్తకంలోని గీతను కాలితో దాటడం విద్యార్థికి మరపురాని అనుభవం కాగలదు.

తెలుగువారు తప్పక దర్శింపవలసినది బ్రిటిష్ మ్యూజియం. ప్రధాన ప్రదర్శనలకు ప్రవేశరుసుము లేదు. అమరావతి మహాచైత్యపు శిల్పఫలకాలు నూటికి పైగా అక్కడ ఉన్నాయి. వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించిన శిల్పాలు కొంతకాలం మద్రాసులో ఉండి, 1859లో ఓడపై లండనుకు తరలిపోయాయి. మరికొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియంలోనే ఉన్నాయి. కృష్ణాతీరాన మన పూర్వులు చెక్కిన శిలలను పరదేశంలో గాజుతెరల వెనుక చూచినప్పుడు గర్వమూ వేదనా ఏకకాలంలో కలుగక మానవు. ఆ వేదన వ్యర్థం కారాదు. లండన్ వెళ్లి అమరావతిని చూచే మనలో ఎందరు గుంటూరు సీమకు వెళ్లి అమరావతిని చూచారు? ఈ ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి.

బ్రిక్ లేన్ వీధిలోని మసీదు సైతం దర్శనీయం. ఫ్రాన్సులో మతపీడనకు తాళలేక వలసవచ్చిన ప్రొటెస్టంటు క్రైస్తవుల వారసులు 1743లో ఆ కట్టడాన్ని చర్చిగా నిర్మించారు. పందొమ్మిదవ శతాబ్ది చివర అది యూదుల ప్రార్థనాలయమైంది. 1976 నుండి మసీదుగా వర్ధిల్లుతున్నది. ఒకే గోడల మధ్య మూడు మతాలవారు, ఒకరి తరువాత ఒకరు ఆశ్రయం పొందారు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకునే మనకు ఈ కట్టడం చెప్పే పాఠం క్రొత్తది కాదు. అయినా మరల మరల నేర్వదగినదే.

ఇక యాత్రికులు గమనింపవలసిన విషయాలు:

1. వాతావరణం క్షణక్షణం మారుతుంది. ఒక్క దళసరి కోటు కన్న, ఒకదానిపై ఒకటి ధరించే ఉన్ని దుస్తులు, ఒక గొడుగు మేలు.

2. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా ప్రొద్దు క్రుంకదు. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. వేసవిలో ఉపవాసం పదిహేడు గంటలకు మించుతుంది కనుక నమాజు, ఉపవాస వేళలను స్థానిక మసీదులో తెలుసుకోవాలి.

3. సిటీ బస్సులలో 2014 నుండి నగదు తీసుకోరు. ప్రయాణానికి తగిన కార్డు ముందుగానే సమకూర్చుకోవాలి.

4. కదిలే మెట్లపై కుడివైపున నిలబడి, త్వరగా పోయేవారికి ఎడమవైపు దారి విడవాలి. ఎక్కడైనా వరుసలో నిలబడాలి. వరుస తప్పడాన్ని అక్కడివారు గొప్ప అమర్యాదగా భావిస్తారు.

5. ప్రతి ధరనూ రూపాయలలోకి మార్చి దిగులుపడితే పస్తులు తప్పవు. అసలే లెక్కింపకపోతే అప్పులు తప్పవు. వారానికొక పరిమితి ఏర్పరచుకొని వ్యయం చేయడం ఉత్తమం. కొళాయి నీరు త్రాగదగినదే, నీటిని కొననక్కరలేదు.

6. ప్రతిదినం రాత్రి ఆనాటి విశేషాలను మాతృభాషలో వ్రాసుకోవాలి. కంబల్‌పోష్ వ్రాసి ఉంచినందుననే ఆయన చూచిన లండన్ నేడు మనకు అందింది.

పరాయి నగరాన్ని చూచి దాసులం కానక్కరలేదు, ద్వేషులమూ కానక్కరలేదు. మంచిని గ్రహించి, చెడును విడిచి, తిరిగివచ్చి మన ఊరికి ఏమి చేయగలమో ఆలోచించిననాడే యాత్ర సఫలం. మన కళాశాల నుండి వెళ్లే ప్రతి విద్యార్థీ అట్టి చూపుతో వెళ్లి, అట్టి సంకల్పంతో తిరిగిరావాలని ఆకాంక్షిస్తున్నాము.