కాలూ సూదుల సంగతి

నిజామాబాద్

బిడ్డా,

మీ కుక్క కాలూకు వచ్చింది టి.వి.టి. అనే క్యాన్సర్ గడ్డ అని, వారానికొకటి చొప్పున కీమో సూది ఇయ్యాలె అన్నరని రాసినవు. మీ అత్తమ్మ ‘కుక్కకు కీమో ఏంది, వెంట్రుకలన్నీ రాలి, కక్కి కక్కి చస్తది, ఆ పాపం మనకెందుకు’ అన్నదట. ఆమె మాటను తీసిపారెయ్యకు. ఆమె చూసింది మనుషుల కీమో. మందు అదే గని లెక్క వేరు. మనిషికైతే రోగం పోవాలని, ఎంత కష్టమైనా ఓర్చుకోమని, గట్టి మోతాదు ఇస్తరు. కుక్కకు సాధారణంగా తిండి, తిరుగుడు చెడకుండ చూసి ఇస్తరు. వెంట్రుకలు ఊడేది ఎక్కువగా పూడుల్ లాంటి, బొచ్చు పెరుగుతూనే ఉండే జాతులకు. మన వీధి కుక్కకు మహా అయితే మీసాలు రాలుతయి, మళ్ళీ వస్తయి.

నెట్‌ల చదివి గుండె దెబ్బతింటదని, మూత్రంల రక్తం పడతదని భయపడ్డవు. అవి డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ చేసే పనులు. లింఫోమా లాంటి వాటికి వాడుతరు. కాలూకు ఇచ్చేది విన్‌క్రిస్టిన్. మీ వాకిట్ల పూసే బిళ్ళగన్నేరు, అదే సదాఫులీ, దాని నుంచి తీసిన మందు. ఈ గడ్డ కూడ వింతదే. క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు, జత కట్టినప్పుడో నాకినప్పుడో అంటుకుంటయి. వేల ఏళ్ళ కింద బతికిన ఒకే ఒక్క కుక్క కణాలు ఇయ్యాల్టికీ ఇట్ల ఊళ్ళు తిరుగుతున్నయి. మనుషులకు అంటదు. పైగా కీమోకు చాలా మటుకు పూర్తిగా లొంగే రకం ఇది. అందుకే ఇయ్యమంటున్న.

అసలు జాగ్రత్త సూది ఇచ్చే ఆ రెండు నిమిషాలల్ల ఉంది. సీసాల ఉండేది ఒక మిల్లీగ్రాము; ఇరవై కేజీల కుక్కకు అందుల సగం చాలు. ఆ కొంచెం మందు నరంలకే పోవాలె. ముందుకాలు బొచ్చు గొరిగి, కాన్యులా పెట్టి, ముందు సెలైన్ ఎక్కించి, వాపు రాలేదని చూసుకొని, అప్పుడు మందు, మళ్ళీ సెలైన్. చుక్క నరం బయట పడ్డదా, చర్మం, కండ చచ్చి పుండైతది. కుక్క దాన్ని కొరుక్కుంటది. కాబట్టి కాలూ మోచేయి వెనక నుంచి గట్టిగ పట్టుకునే మనిషి కావాలె. మూతికి గుడ్డ కట్టాలె. డాక్టరు తొందరల ఉంటే ‘సారూ, కాన్యులా పెట్టుండ్రి’ అని అడుగు, మొహమాటపడకు. ఇంటికి వచ్చినంక అక్కడ వాచినా, ఊరికే నాకుతున్నా అదే రోజు తీస్కపోవాలె.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు తిండి తగ్గుతది, ఒకటి రెండు సార్లు కక్కొచ్చు. ఈ మందుకు పేగులు మందగించి దొడ్డికి రాకపోవుడు కూడ ఉంటది. కక్కుడు ఆగకపోయినా, ఒక దినమంతా నీళ్ళు కూడ ముట్టకపోయినా చూద్దామని కూర్చోవద్దు. కుక్క ఓర్చుకోవాలె అనే రూలేం లేదు. చెప్తే డాక్టరు మోతాదు తగ్గిస్తడు, వాంతులకు మందిస్తడు. నాలుగో రోజు నుంచి వారం దాకా రక్తంల తెల్ల కణాలు పడిపోతయి. అప్పుడు మలద్వారంల థర్మామీటర్ పెట్టి చూస్తే 102.5 దాకా మామూలే. 103 దాటి, కుక్క డల్లుగ ఉంటే అది రాత్రయినా పోవాల్సిన జ్వరం. మెడికల్ షాపుల పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ తెచ్చి ఇయ్యకుండ్రి. సూదికన్న ఆ గోలీలతోనే ఖరాబైన కుక్కలను పశువుల దవాఖానల పనిచేసిన రోజులల్ల ఎక్కువ చూసిన.

ప్రతి సూదికి ముందు రక్త పరీక్ష చేయించు. కణాలు తక్కువుంటే ఆ వారం సూది ఆపుతరు, అది మంచికే. మీ ఉమ్రిల ఈ పరీక్షో సూదో కుదరదంటే రైలెక్కితే పర్భణీ పశువైద్య కళాశాల ఉంది, లేదంటే ఉద్గీర్ కాలేజీకి జీపు మాట్లాడుకోవాలె.

ఇంకో మాట, నీకు ఇప్పుడు నెలలు. సూది ఇచ్చినంక మూడు రోజులు దాని ఉచ్చ, దొడ్డి, కక్కు నువ్వు ముట్టొద్దు. దానిల మందు ఉంటది. అల్లుడు చేతికి తొడుగులు వేసుకొని తీసి, నీళ్ళు బాగా కొట్టాలె. సూది ఇచ్చేటప్పుడు కూడ నువ్వు ఆ గదిల ఉండకు. మీ అత్తమ్మ భయం ఈ ఒక్క విషయంల నిజమే, ఆమెకు చెప్పు. అల్లుడు చేయనంటే నాకు ఫోన్ చెయ్.

రెండు సూదులకే గడ్డ నుంచి రక్తం కారుడు ఆగుతది, గడ్డ సగం కరుగుతది. అక్కడనే చాలామంది ఆపేస్తరు. మిగిలిన కణాలు మళ్ళీ లేస్తే ఆ మందుకు లొంగకపోవచ్చు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు సూదులు పడ్తయి, గడ్డ కనపడకున్నా డాక్టరు చాలనేదాకా ఆపకు. అయ్యేదాకా కట్టేసి ఉంచు, వీధిల వదిలితే ఇంకో నాలుగింటికి అంటిస్తది. తగ్గినంక పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయించేయ్. మొదటి రక్త పరీక్ష కాగితం ఫోటో తీసి నాకు పంపు.

నీ మేనమామ