నోరు తిరగని మెదడు మాటలు

మటన్ కొట్టులో ముందురోజే చెప్పి పెడితే మేక మెదడు చితకకుండా తీసి ఇస్తారు. హైదరాబాదులో అయితే భేజా అని అడగండి. పొయ్యి మీదికి ఎక్కించే ముందు దాన్ని పళ్లెంలో పెట్టి, పదో తరగతి చదివే మీ అమ్మాయినో అబ్బాయినో పిలవండి. పైన రెండు సగాలుగా, ముడతలు ముడతలుగా ఉన్నది సెరిబ్రం. వెనకవైపు కిందగా, దగ్గర దగ్గర సన్నటి గీతలతో ఉన్న చిన్న ముద్ద సెరిబెల్లం. దాని అడుగు నుంచి తెల్లగా దిగి తెగిపోయిన మొదలు మెడుల్లా. వెన్నుపాము అక్కడి నుంచే మొదలవుతుంది. సెరిబెల్లాన్ని పదునైన చాకుతో నిలువునా కోయండి. లోపల తెల్లటి కొమ్మలు, రెమ్మలతో చెట్టు బొమ్మ ఒకటి బయటపడుతుంది. పాత వైద్యులు దానికి లాటిన్‌లో ఆర్బర్ వీటే అని పేరు పెట్టారు, జీవవృక్షం అని. పరీక్షలో అడగరు, అయినా చెప్పండి. మాంసం ముట్టని ఇళ్లలో బంకమట్టితో ఇవే భాగాలు తలా ఒక రంగులో చేయించవచ్చు. సమయం ఎక్కువ పడుతుంది కానీ పని జరుగుతుంది.

ఇంగ్లిష్‌లో ఉన్న ఈ మెదడు పాఠం దగ్గర చాలామంది తల్లిదండ్రులు ముందే చేతులెత్తేస్తున్నారు. ‘మేం తెలుగు మీడియం, మాకేం తెలుసు?’ అంటారు. ప్రభుత్వ బడుల పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా అచ్చవుతున్నాయి కదా, ఆ తెలుగు పేజీ ఒకసారి చూడండి. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం. వీటిలో ఏ మాట మీ ఇంట్లో ఎప్పుడు వినబడింది? పిల్లలకు రెండు పేజీలూ కొత్తే. అందుకని మీ వల్ల అయ్యే సాయం మాటలు అప్పజెప్పించుకోవడం కాదు. ఆ వస్తువు ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో ఇంటి భాషలో కుదిరేదాకా మాట్లాడించడం. అది కుదిరాక పేరు ఇంగ్లిష్‌లో వచ్చినా సంస్కృతంలో వచ్చినా కూర్చోవడానికి చోటుంటుంది.

ఇంటి భాష ఒక్కోచోట చిక్కు కూడా పెడుతుంది. మనకు నరం అనే ఒక్క మాటతో ఎన్నో పనులు జరిగిపోతాయి. మెడ పట్టేస్తే నరం పట్టిందంటాం, చేతి మీద నీలంగా తేలినవాటిని నరాలంటాం, సెలైన్ ఎక్కించాలంటే నర్సు నరం దొరకడం లేదంటుంది. పాఠంలోని నర్వ్ వీటిలో ఏదీ కాదు. మెడ పట్టేసినప్పుడు బిగుసుకునేది చాలావరకు కండరం. చేతి మీద తేలిన నీలం గీత వెయిన్, గుండెకు తిరిగి వెళ్లే రక్తం దానిలో ఉంటుంది. నర్వ్‌లో పారే రక్తం లేదు, కబురు నడుస్తుంది. నరాల్లో రక్తం ప్రవహిస్తుందని పిల్లలు జవాబు రాస్తే దానికి మూలం తెలివితక్కువతనం కాదు, మన మాటే. మనం నరం అనేసే మూడింటినీ పిల్లవాడి చేతి మీదే విడదీసి చూపించండి. నీలంగా కనిపించేది వెయిన్. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాడులా లేచేది టెండన్, కండరాన్ని ఎముకకు కట్టే నార. మోచేయి లోపలివైపు గోడకు తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమనేది నర్వ్.

రిఫ్లెక్స్ అనే మాటకు వంటగదే ప్రయోగశాల. వేడి గిన్నె తగలగానే చేయి వెనక్కి వచ్చేస్తుంది, మంట ఆ తర్వాత తెలుస్తుంది. చేయి తీయమన్నది వెన్నుపాము. మెదడుకు కబురు అందేసరికి పని అయిపోయింది. ఇంకొకటి అద్దం ముందు చూపించవచ్చు. అరచేతులతో కళ్లు కాసేపు మూసి, వెలుతురులో ఒక్కసారిగా తెరిస్తే నల్లగుడ్డు మధ్యలోని ప్యూపిల్ చిన్నదైపోవడం కనిపిస్తుంది. దాన్ని నడిపే కేంద్రం మెదడు మధ్యభాగమైన మిడ్‌బ్రెయిన్‌లో ఉంది. ప్రమాదంలో స్పృహ తప్పినవారి కళ్లలో డాక్టరు టార్చి వేసి చూసేది అందుకే.

మిడ్‌బ్రెయిన్ అనగానే మీకు కరపత్రాలు గుర్తొచ్చి ఉంటాయి. వేలకు వేలు ఫీజు తీసుకుని ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ చేస్తామంటారు, కళ్లకు గంతలు కట్టినా మీ పిల్లలు చదివేస్తారంటారు. గంతకూ ముక్కుకూ మధ్య సందులోంచి చూడటం తప్ప అందులో విద్య లేదని హేతువాదులు చాలాసార్లు బయటపెట్టారు. పైగా పెద్దల్ని మోసం చేయడం పిల్లలకు అక్కడే అలవాటవుతుంది. నాకు ఒళ్లుమండేది దీనికే. అద్దంలో ప్యూపిల్ కదిలిన పిల్లవాడి మిడ్‌బ్రెయిన్ పనిచేస్తూనే ఉంది, దానికి ఫీజు కట్టక్కర్లేదు. ‘మనం పది శాతం మెదడే వాడతాం’ అన్న మాటనూ ఆ కరపత్రంతో పాటే చెత్తబుట్టలో వేయండి.

కొన్ని మాటలు ఇంట్లో కష్టం వచ్చినప్పుడు వస్తాయి. తాతయ్యకు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయి, మాట కూడా పోయిందనుకోండి. మాట ఎందుకు పోయిందని పిల్లలు అడుగుతారు. కసురుకోకండి. మెదడు ఎడమ సగం ఒంటి కుడివైపును నడుపుతుంది, మాట్లాడే శక్తి కూడా చాలామందికి ఆ ఎడమ సగంలోనే ఉంటుంది. 1861లో పారిస్ దగ్గర ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే డాక్టరు ‘టాన్’ అన్న ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగిని చూశాడు. ఆ మనిషి చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఆ చోటు నేటికీ బ్రోకాస్ ఏరియా. ఇలా మాట పోవడాన్ని అఫేసియా అంటారు. పక్షవాతం తెచ్చే స్ట్రోక్ అన్న మాట మాత్రం పరీక్షతో పనిలేకుండా నేర్పండి. మూతి ఒక పక్కకు జారినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే పెద్ద ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు.

ఇక బట్టీ సంగతి. యాభై మాటల పట్టీ గోడకు అంటించి పొద్దస్తమానం చదివించకండి. ఎలా మర్చిపోతామన్నది జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకంగా అచ్చువేశాడు. ఒకే పూట కుక్కినదానికంటే విడతలుగా చదివింది నిలుస్తుందని అప్పుడే తేలింది. ఈ రోజు అయిదారు మాటలు చాలు. పుస్తకం మూసి అడగండి, రెండు రోజులు ఆగి మళ్లీ అడగండి, తర్వాత వారానికి. గుర్తుచేసుకోవడానికి పిల్లలు పడే ఆ కాస్త తంటానే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది, తొందరపడి మీరు అందించేయకండి. పరీక్ష ముందు రాత్రి పన్నెండు దాకా కూర్చోబెట్టడం మానండి. చదివింది కుదురుకునేది నిద్రలో.

మాటల్ని విడగొట్టడం కూడా నేర్పండి. న్యూరో అంటే నాడులకు సంబంధించింది, అక్కడి నుంచి న్యూరాన్ అంటే నాడీకణం, న్యూరాలజిస్ట్ అంటే నరాల డాక్టరు. చివర ఐటిస్ ఉంటే ఎక్కడో వాపు ఉన్నట్టు. టాన్సిలైటిస్ మీకు తెలిసిందే, మెనింజైటిస్ మెదడు పొరల వాపు, ఎన్‌సెఫలైటిస్ అంటే పేపర్లో మెదడువాపు అని రాసేది. నాలుగు ముక్కలు తెలిస్తే నలభై మాటలు విడిపోతాయి.

ఉచ్చారణ దగ్గర పిల్లల్ని నవ్వులపాలు చేయొద్దు. రెండు న్యూరాన్లు కలిసే చోటును సైనాప్స్ అని పలికేవాళ్లున్నారు, సినాప్స్ అని పలికేవాళ్లున్నారు, ఇద్దరూ డాక్టర్లే.

బెంగళూరులో చుట్టాలుంటే సెలవుల్లో నిమ్‌హాన్స్ ఆసుపత్రిలోని మెదడు మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడివి నిజమైన మనుషుల మెదళ్లు, దానంగా వచ్చినవి కూడా ఉన్నాయి. ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సీసాల్లో ఉన్నవాటిని చూసి మరీ చిన్నపిల్లలు జడుసుకుంటారు, వాళ్లను చుట్టాలింట్లోనే ఆడుకోనివ్వండి.