యాక్సిలరేటర్ తొక్కితే రేడియోలో కూత

ప్రశ్న: ఇంజన్ వేగం పెరిగేకొద్దీ మా పాత పెట్రోల్ కారు రేడియోలో కూత పెరుగుతోంది. సెట్ మార్చాలా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడే మార్చకండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, సెట్ వెనక ఏరియల్ వైరు పీకి వినండి. చప్పుడు ఆగితే అది ఏరియల్ గుండా వస్తోంది. దాని మొదట్లో తుప్పు గీకి బాడీకి గట్టిగా బిగించండి. టకటకమంటుంటే రెసిస్టర్ ఉన్న స్పార్క్ ప్లగ్గులు వేయించండి.

ఏరియల్ తీసినా సన్నటి కూత ఆగలేదంటే అది ఆల్టర్నేటర్‌ది, 12 వోల్టుల వైరింగ్ ద్వారా వస్తోంది. ఇలాంటప్పుడు నేను మొదట అనుమానించేది సెట్ ఎర్త్ వైరునే. పెయింటు గీకి, మెరిసే లోహానికి బిగించండి. యాంప్లిఫయర్ ఉంటే సిగ్నల్ వైర్లను పవర్ వైరుకు దూరంగా, కారు రెండో పక్కనుంచి లాగించండి. అప్పటికీ తగ్గకపోతే, ఫిల్టర్ కొనేముందు ఆల్టర్నేటర్ డయోడ్లు తప్పక పరీక్ష చేయించండి. డయోడ్ పోతే బ్యాటరీ కూడా సరిగా ఛార్జ్ కాదు.