మట్టి కింద ఆడవాళ్ల పేర్లు

ఇల్లు కట్టాలంటే ముందు పునాది తవ్వుతాం. ఒక్కోసారి పాత కుండ పెంకులు, పెద్ద పెద్ద ఇటుకలు బయటపడతాయి. తీసి అవతల పారేస్తాం. కాని అవి మన పాతవాళ్ల గుర్తులు.

పెద్ద కట్టడం కట్టేముందు కొన్ని చోట్ల పురావస్తు శాఖవాళ్లు వచ్చి చూస్తారు. నేలంతా ఒకేసారి తవ్వరు. అక్కడొకటి, ఇక్కడొకటి గుంతలు తీస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం కదా! ఇదీ అంతే.

మట్టిని పొరలు పొరలుగా తీస్తారు. పై పొర కొత్తది. కింది పొర పాతది. ఏ పొరలో ఏం దొరికిందో రాసుకుంటారు. గుర్తులు కనిపిస్తే అక్కడ ఇంకా తవ్వుతారు.

మన కృష్ణానది ఒడ్డున జరిగిన సంగతి వినండి. అక్కడ నాగార్జునకొండ లోయ ఉండేది. సుమారు 1700 ఏళ్ల కిందట అది ఇక్ష్వాకు రాజుల రాజధాని. పేరు విజయపురి. 1926లో ఆ పాత ఊరి గుర్తులు కనిపించాయి. తర్వాత తవ్వితే రాతి శాసనాలు దొరికాయి.

1955లో దిగువన నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా వందకు పైగా చోట్ల తవ్వారు. విహారాలు, స్తూపాలు, స్నానఘట్టం బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి, కొండ మీద మళ్లీ కట్టారు. ఇప్పుడా కొండ చుట్టూ నీళ్లే. లాంచీలో వెళ్లాలి. తవ్వకుండా మిగిలింది మాత్రం నీటి కిందే ఉండిపోయింది.

ఇదంతా మనకెందుకు అంటారా? ఆ శాసనాల్లో ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి. చాంతిసిరి రాజుగారి తోబుట్టువు. మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. బోధిసిరి రాణి కాదు. అయినా చైత్యగృహం కట్టించింది. వేరే ఊళ్లో చెరువు కూడా తవ్వించింది. రాసి ఉంది కాబట్టే వాళ్లు మనకు తెలిశారు.

ఆ రాత బ్రాహ్మీ లిపి. మనం నేర్చుకున్న తెలుగు అక్షరాలు దాని నుంచే పుట్టాయి.

పునాది తీసేటప్పుడు, చెరువు పనిలో మట్టి ఎత్తేటప్పుడు రాత ఉన్న రాయి కనిపిస్తే పలుగు వేయకండి. పని ఆపండి. పంచాయతీలో, మండల ఆఫీసులో చెప్పండి. పాత నాణాలు, నగలు దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

జవాబులు చెప్పండి

1. ముందుగా గుంతలు తీసి ఎందుకు చూస్తారు?
2. బోధిసిరి ఏమేం చేసింది?
3. మీ ఊళ్లో పాత రాళ్లు, శాసనాలు ఎక్కడున్నాయి? పెద్దవాళ్లను అడిగి నాలుగు మాటలు రాయండి.