డిక్రీ వచ్చింది, డబ్బు రాలేదు: బాకీదారు లెక్కలు రాబట్టే దారి

కాసిపేట ప్రాంతంలో తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సంఘం కార్యదర్శి బీరువాలోంచి కోర్టు డిక్రీ తీసి మాకు చూపించారు. గని దగ్గర హోటలు నడిపే ఒకాయన పాల బాకీ ఎగవేశారు. ఆయన సంఘ సభ్యుడు కాడు గనుక సివిల్ కోర్టులో దావా వేసి గెలిచారు. "గెలిచినం సారూ, పైసలైతే రాలే" అన్నారు. ఆ బాకీ మూలంగా రెండు పాల బిల్లులు నిలిచిపోయి, పాలు పోసినవారు దాణాకు అప్పు చేశారు.

సభ్యులు గమనించవలసినది, కోర్టు తనంతట తాను వసూలు చేసి పెట్టదు. సంఘమే అమలు దరఖాస్తు, అనగా ఇ.పి., వేయాలి. గడువు 12 సంవత్సరాలు. అయితే బాకీదారుకు ఏ బ్యాంకులో ఖాతా ఉన్నదో, స్థలం ఎవరి పేర ఉన్నదో తెలియక సంఘాలు అక్కడే ఆగిపోతున్నాయి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 41వ రూలు ఇందుకే ఉన్నది. బాకీదారును, అతని సంగతి తెలిసిన మరొకరిని కూడా కోర్టుకు పిలిపించి విచారించమని, ఖాతా పుస్తకాలు తెప్పించమని కోరవచ్చును. డబ్బు డిక్రీ 30 రోజులు చెల్లకుండా ఉంటే ఆస్తుల వివరాలతో ప్రమాణపత్రం ఇప్పించమని అడగవచ్చును. ఈ ఆజ్ఞను ధిక్కరిస్తే మూడు నెలల వరకు సివిల్ జైలు. 1976 సవరణతో వచ్చిన బలం ఇది.

జైలు అనగానే మనవారికి హుషారు వస్తుంది! ఈ శిక్ష లెక్క చెప్పనందుకు, బాకీ తీర్చలేనందుకు కాదు. స్తోమత లేక ఇవ్వలేనివారిని జైలుకు పంపరాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జప్తుకూ హద్దులున్నాయి. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు, ప్రావిడెంట్ ఫండు, రైతు బతుకుతెరువుకు కావలసిన పశువులు ముట్టరాదు.

బ్యాంకు వంటి మూడవవారికి సమను కోరేటప్పుడు ఏ ఖాతా, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు అని రాయండి. "అన్ని కాగితాలూ" అని రాస్తే దరఖాస్తు నిలవడం కష్టం. కారణం లేకుండా సమను తప్పించుకుంటే వారంటు, జప్తు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అమలు దరఖాస్తును ఆరు నెలల్లో ముగించాలనీ, ఆలస్యమైతే కారణాలు రాయాలనీ 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాయిదాలు సాగుతుంటే మీ వకీలు చేత ఆ తీర్పు చూపించండి.

ఆ సంఘం 41వ రూలు కింద దరఖాస్తు వేసింది. హోటలు యజమాని ఇచ్చిన ప్రమాణపత్రంలో ఖాతా దాదాపు ఖాళీ, ఇల్లు భార్య పేర. కాని ఒక కాంట్రాక్టరు అతనికి భోజనాల బిల్లు బాకీ ఉన్నట్లు తేలింది. బాకీదారుకు రావలసిన పైకం కూడా జప్తు చేయవచ్చును. కోర్టు కాంట్రాక్టరుకు నోటీసు పంపింది. ఆ పైకంతో నిలిచిపోయిన బిల్లుల్లో ఒకటి చెల్లింది, రెండవదాని కోసం ఇ.పి. ఇంకా నడుస్తున్నది.