పాఠం 9: పరదా వెనక ఏముంది?

పిల్లలూ, మీరు ఇప్పుడు ఉంటున్న ఇల్లు అమ్మా నాన్నలకి ఎలా దొరికిందో ఎప్పుడైనా అడిగారా? మా గుంటూరులో అయితే వీధులన్నీ తిరిగి, గేట్లకి కట్టిన టు-లెట్ బోర్డులు చూసి ఇల్లు వెతికేవాళ్లం. ఇక్కడ దోహాలో చాలామంది ముందు ఫోన్‌లోనే వెతుకుతారు. ఈ పాఠంలో అద్దె ఇంటి ప్రకటన చదవడం, దాని గురించి ప్రశ్నలు అడగడం నేర్చుకుందాం.

చదవండి

మా పాప వాళ్ల నాన్నగారు మాకంటే ఏడాది ముందు దోహా వచ్చారు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒకే గదిలో ఉండేవారు. నేనూ పాపా రావాలంటే ముందు ఒక ఇల్లు కావాలి. రోజూ డ్యూటీ అయ్యాక ఆయన ఫోన్‌లో ఇళ్లు చూసి, బాగున్నవి నాకు పంపేవారు.

ఒకరోజు తక్కువ అద్దెలో ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు కనిపించింది. ఫోటోలో తెల్లటి గోడలు, పెద్ద పరదా, దాని మీద మంచి వెలుతురు! ఆయన ఫోన్ చేస్తే అవతలి మనిషి, "చాలామంది అడుగుతున్నారు. ఈ రోజే అడ్వాన్సు పంపితే మీకు ఉంచుతాను" అన్నాడు. అడ్వాన్సు అంటే ఒక నెల అద్దె. ఆయన ఐదు నెలలు కూడబెట్టిన డబ్బు అది. నాకు మాత్రం పంపేయమనే అనిపించింది. ఆ ఇల్లు పోతే మా ప్రయాణం వాయిదా పడుతుందేమోనని భయం.

"చూశాకే ఇస్తాను" అన్నారాయన. ఆ సాయంత్రమే వెళ్లి మాకు వీడియో కాల్ చేశారు. దోహాలో ఆరు గంటలు, గుంటూరులో ఎనిమిదిన్నర. మా పాపకి అప్పుడు ఏడేళ్లు. ఇల్లంతా చూసి, "నాన్నా, కిటికీ ఏది? ఆ పరదా తియ్యవా?" అంది. ఆయన పరదా పక్కకి జరిపారు. వెనక గోడ! ఫోటోలో మేము చూసింది ట్యూబ్‌లైటు వెలుతురు.

ఆ ఇల్లు మేము తీసుకోలేదు. ఇంకో నెలన్నర వెతికాం. ఇప్పుడున్న ఇల్లు దానికంటే చిన్నది, అద్దె కూడా కొంచెం ఎక్కువే. కానీ పొద్దున్నే వంటగదిలోకి ఎండ వస్తుంది.

కొత్త మాటలు

ప్రకటన – అందరికీ తెలిసేలా రాసి పెట్టిన విషయం.
అద్దె – నెలనెలా ఇంటి యజమానికి ఇచ్చే డబ్బు.
అడ్వాన్సు – ఇంట్లో చేరే ముందు ఇచ్చే డబ్బు. ఇల్లు పాడుచేయకుండా ఖాళీ చేస్తే తిరిగి ఇవ్వాలి.
వాటా – పెద్ద ఇంట్లో ఒక కుటుంబం ఉండే భాగం. ఇక్కడ "విల్లా పోర్షన్" అనేది ఇదే.
ఒప్పందం – యజమాని, అద్దెకుండేవాళ్లు సంతకం పెట్టే కాగితం.
ఇరుకు – చోటు చాలకపోవడం. దీనికి వ్యతిరేక పదం: విశాలం.

ప్రకటన ఎలా చదవాలి?

ప్రాపర్టీ ఫైండర్ లాంటి సైట్లలో ప్రాంతం, అద్దె, గదుల సంఖ్య ఎంచుకుంటే, దానికి సరిపోయే ఇళ్లే చూపిస్తుంది. ఆ తర్వాతి పని మనది. ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఎక్కడ ఉంది? "మన్సూరాలో" అంటే సరిపోదు. ఖతార్‌లో భవనాలకి నీలం రంగు పలక ఉంటుంది. దాని మీద జోన్, వీధి, భవనం నంబర్లు రాసి ఉంటాయి. ఆ మూడూ అడిగితే మ్యాప్‌లో చూసుకోవచ్చు. మెట్రో దగ్గరేనా? దోహా మెట్రో 2019లో మొదలైంది. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల పేర్లతో మూడు లైన్లు ఉన్నాయి. మామూలు టికెట్ 2 రియాళ్లు. కారు లేని ఇంటికి స్టేషన్ దగ్గరుండటం పెద్ద మేలు. వక్రా దోహా నుంచి దూరమే, అయినా ఎరుపు లైను అక్కడిదాకా వెళ్తుంది.

2. అద్దెలో ఏమేమి కలిశాయి? ఇక్కడ కరెంటు, నీళ్లు ఇచ్చే సంస్థ పేరు కహ్రమా. "కహ్రమాతో కలిపి" అని ఉంటే ఆ బిల్లు అద్దెలోనే ఉందని అర్థం. లేకపోతే విడిగా కట్టాలి. ఎండాకాలంలో ఏసీ ఆపకుండా నడుస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

3. ఎంత పెద్దది? ఇక్కడ చదరపు మీటర్లలో రాస్తారు. మన తాతయ్యలు చదరపు అడుగుల్లో, గజాల్లో చెబుతారు. ఒక చదరపు మీటరు అంటే సుమారు 10.76 చదరపు అడుగులు. అంటే 60 చదరపు మీటర్ల ఇల్లు దాదాపు 646 చదరపు అడుగులు.

4. ఒప్పందం నమోదవుతుందా? అద్దె ఒప్పందాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. వాటా అయితే ఈ ప్రశ్న తప్పకుండా ముందే అడగాలి.

లెక్క చేయండి

(ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి.)

మొదటి ఇల్లు: అద్దె 4,000 రియాళ్లు. కరెంటు, నీళ్లు 300. ఇంటర్నెట్ 250. స్కూలు బస్సు 400.
రెండో ఇల్లు: అద్దె 4,700 రియాళ్లు. అన్నీ కలిపే. స్కూలు పక్క వీధిలోనే, బస్సు అక్కర్లేదు.

నెలకి ఏ ఇల్లు చవక? ఏడాదికి ఎంత తేడా వస్తుంది? అద్దె మాత్రమే చూసి ఉంటే మీరు ఏది ఎంచుకునేవాళ్లు?

భాష: ప్రశ్న అడుగుదాం

మాట చివర "ఆ" చేరిస్తే ప్రశ్న అవుతుంది.
కిటికీ ఉంది. → కిటికీ ఉందా?
స్టేషన్ దగ్గరే. → స్టేషన్ దగ్గరేనా?

పాప నాన్నని "తియ్యవా?" అని అడిగింది. తెలియని పెద్దవాళ్లని అలా అడగం. "అండీ" చేర్చి, "మీరు" అంటూ మాట్లాడతాం.
అడ్వాన్సు ఎంతండీ?
ఇల్లు చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారండీ?
(మాట్లాడేటప్పుడు "చూడ్డానికి" అంటాం. రాసేటప్పుడు "చూడడానికి" అని రాయండి.)

ఇలాంటివే మరో మూడు ప్రశ్నలు మీరు రాయండి.

ఇంట్లో చేయండి

1. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అనే సామెత అర్థం అమ్మమ్మనో నానమ్మనో ఫోన్‌లో అడగండి. ఇల్లు వెతకడానికి కూడా అది సరిపోతుందా?

2. ఖతార్‌లో అమ్మా నాన్నలు ఉన్న మొదటి ఇల్లు ఏది? అందులో వాళ్లకి నచ్చినదేమిటి, ఇబ్బంది పెట్టినదేమిటి? ఐదు వాక్యాలు రాయండి.

3. మీ ఇంటికి మీరే ఒక ప్రకటన రాయండి. ఒక మంచి విషయం, ఒక లోటు, రెండూ నిజంగా రాయాలి. మా ఇంటి ప్రకటన మా పాప ఇలా రాసింది: "వంటగదిలో ఎండ వస్తుంది. లిఫ్టు తరచుగా ఆగిపోతుంది. పరదా వెనక కిటికీ ఉంది, నేను చూశాను."