తాళం వేసే ముందు: మణికట్టు ఎముకకు లాకింగ్ ప్లేటు వేయడం ఎలా?

ఆర్థోపెడిక్స్ పీజీ మొదటి ఏడాదిలోనే, బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగిన పెద్దవాళ్లు మీ ఓపీకి వరసగా వస్తారు. చెయ్యి ఆనించి పడితే రేడియస్ ఎముక కిందికొస విరిగి, ఆ ముక్క చేతి వెనకవైపుకు వాలిపోతుంది. చాలామందికి పిండికట్టు సరిపోతుంది. కట్టులో నిలవనివాటికి, కీలులోకి పగులు పాకినవాటికి అరచేతివైపు నుంచి లాకింగ్ ప్లేటు వేస్తాం. థియేటర్‌లో సీనియర్ పక్కన నిలబడేలోగా ఆ పని ప్లాస్టిక్ ఎముక మీద మీ చేత్తో చేసి చూడండి. కీలుకు రెండు సెంటీమీటర్ల పైన రంపంతో కోసిన రేడియస్ మోడల్, ప్లేటు సెట్, బల్లకు బిగించిన వైస్ ఉంటే మొదలుపెట్టవచ్చు.

డ్రిల్ పట్టుకునే ముందు ఈ సంగతి మనసులో నాటుకోవాలి. మామూలు స్క్రూ తల ప్లేటును ఎముక మీదికి అదుముతుంది. ఆ ఒరిపిడితోనే ప్లేటు నిలబడుతుంది. గుల్లబారిన ఎముకలో మర పట్టదు, స్క్రూ వదులై ప్లేటు ఊగుతుంది. లాకింగ్ స్క్రూ అలా కాదు. దాని తలకూ మర ఉంటుంది, ప్లేటు రంధ్రానికీ మర ఉంటుంది. సీసాకు మూత బిగిసినట్టు రెండూ ఒకటైపోతాయి. ప్లేటు ఎముకను నొక్కనక్కరలేదు కనుక ఎముక పైపొరకు రక్తం అందుతూనే ఉంటుంది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. లాకింగ్ స్క్రూ ఎముకను ప్లేటు దగ్గరికి లాగదు. ముక్కలు ఎలా ఉన్నాయో అలాగే తాళం పడిపోతుంది. సందు ఉంచి బిగిస్తే సందు అలాగే మిగులుతుంది. ఎముక అతక్కపోతే బరువంతా మోసి మోసి చివరికి ప్లేటే విరుగుతుంది. 1958లో స్విట్జర్లాండ్‌లో మొదలైన ఏఓ బృందం నాలుగు సూత్రాలు చెప్పింది: ముక్కలను కూర్చడం, కదలకుండా నిలపడం, రక్తప్రసరణ కాపాడటం, త్వరగా కదిలించడం. కూర్చడం మొదట ఉందని గమనించండి.

కాబట్టి మొదటి పని ముక్కలు కూర్చడమే. వేళ్లవైపుకు లాగి, వాలిన ముక్కను అరచేతివైపుకు వంచండి. అంచులు కలిశాక బొటనవేలివైపు కొస నుంచి ఏటవాలుగా ఒక కె-వైరు దూర్చి నిలపండి. ఇక్కడ ఎంతసేపు పట్టినా తొందరపడకండి. మిగతా ఆపరేషన్ అంతా ఈ పది నిమిషాల మీదే ఆధారపడుతుంది.

తర్వాత ప్లేటు. ఎముక చివర అరచేతివైపు ఒక గట్టులాంటి గీత ఉంటుంది, వాటర్‌షెడ్ లైన్ అంటాం. ప్లేటు దాన్ని దాటి ముందుకు రాకూడదు. దాటితే బొటనవేలిని వంచే స్నాయువు ప్లేటు అంచుకు ఒరుసుకుని, నెలల తర్వాతైనా తెగిపోవచ్చు.

మొదటి స్క్రూ కాండంవైపున్న పొడవాటి రంధ్రంలో వేయండి. అది మామూలు స్క్రూ. పూర్తిగా బిగించకుండా ప్లేటును పైకీ కిందికీ జరిపి, చోటు కుదిరాక బిగించండి. ప్లేటును ఎముకకు హత్తించే పని ఈ స్క్రూదే. అందుకే ఒకే ముక్కలో రెండు రకాలూ వేయాల్సివస్తే మామూలుది ముందు, లాకింగ్ తర్వాత.

ఇప్పుడు కిందికొస. డ్రిల్ స్లీవ్‌ను ప్లేటు రంధ్రంలోకి వేళ్లతో తిప్పండి. నిటారుగా దిగితే నూనె రాసినట్టు తిరుగుతుంది. పట్టేస్తే వంకరగా ఉన్నట్టే, తీసి మళ్లీ పెట్టండి. వంకరగా వేసిన స్క్రూ తల మరలో సరిగ్గా కూర్చోదు, తర్వాత తీయాలన్నా రాదు. బిట్ సైజు చూసుకోండి. 3.5 మి.మీ. మామూలు స్క్రూకు 2.5 బిట్ వాడతాం, అదే సైజు లాకింగ్ స్క్రూకు సాధారణంగా 2.8. లాకింగ్ స్క్రూ ఒళ్లు లావు, మర లోతు తక్కువ. ప్రతి కంపెనీ సెట్‌లో ఇవే ఉండవు, ట్రే మీద రాసింది చదవండి.

డ్రిల్ చేతి వెనకవైపు గోడను తాకగానే ఆపండి. కొలత కన్నా రెండు మిల్లీమీటర్లు పొట్టి స్క్రూ తీసుకోండి. మొన వెనక్కి పొడుచుకొస్తే బొటనవేలిని ఎత్తే స్నాయువు తెగుతుంది. చివరి బిగింపు పవర్ డ్రిల్‌తో వద్దు. టార్క్ లిమిటర్ తగిలించిన స్క్రూడ్రైవర్‌తో చేత్తో తిప్పితే, 3.5 స్క్రూకు 1.5 న్యూటన్-మీటర్ల దగ్గర టక్కుమంటుంది. అక్కడ ఆగండి.

థియేటర్‌లోనైతే ఇక్కడ సి-ఆర్మ్ చూస్తాం. పక్కనుంచి తీసే బొమ్మలో ముంజేతిని సుమారు 20 డిగ్రీలు ఎత్తితే కీలు గీత స్పష్టంగా కనిపిస్తుంది, స్క్రూ కీలులోకి దిగిందో లేదో తెలుస్తుంది. మోడల్‌కు సి-ఆర్మ్ అక్కర్లేదు. స్క్రూలన్నీ తీసి, ఎముకను రంపంతో నిలువునా కోయండి. ప్రతి రంధ్రం ఎక్కడ ఆగిందో, ఏది కీలుకు దగ్గరగా వెళ్లిందో, ఏది వెనకగోడ దాటిందో కళ్లారా చూసి, రెండో మోడల్ వైస్‌లో బిగించండి.